శిలాజాల గుర్తింపు (బారువ తీరం)

శిలాజాల గుర్తింపు అంటే రాతిలో కనిపించే ఆకారం పూర్వజీవి అవశేషమా, కాదా అని తేల్చే పద్ధతి. రాయి కంటే ముందు అది దొరికిన నేలను పరిశీలించాలి. శ్రీకాకుళం జిల్లాలో మహేంద్రతనయ సముద్రంలో కలిసే బారువ పరిసరాల్లో ఉన్నవి తూర్పు కనుమల ఖోండలైట్, చార్నొకైట్ రాళ్లు. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట తీవ్రమైన వేడికి, ఒత్తిడికి రూపాంతరం చెందిన ఇలాంటి రాళ్లలో శిలాజాలను ఆశించలేం. తీరంలో ఏరుకునే గవ్వలు, ఆల్చిప్పలు చాలావరకు ఇటీవలివే.

కొత్త సేకర్తలను ఎక్కువగా మోసగించేది డెండ్రైట్. రాతి పగులులోకి ఇంకిన నీటితో చేరిన మాంగనీస్ ఆక్సైడ్ నల్లగా కొమ్మలు వేసి, అచ్చం ఫెర్న్ మొక్కలా కనిపిస్తుంది. భూతద్దంలో చూస్తే నడిమి ఈనె ఉండదు, ఆకుల అమరికలో క్రమం ఉండదు. మరక పగులు అంచు నుంచే మొదలవుతుంది. ఇక అమ్మకానికి వచ్చే నకిలీ శిలాజాల విషయానికొస్తే, రెసిన్ పోతల్లో సన్నని గాలిబుడగలు కనిపిస్తాయి. కాల్చిన సూది తగిలిస్తే ప్లాస్టిక్ వాసన వస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో పోలికకు తగిన అసలు నమూనాలు రాజమహేంద్రవరం చుట్టుపక్కల ఉన్నాయి. దుద్దుకూరు వద్ద దక్కన్ లావా అడుగున ఉన్న సున్నపురాతి పొరల్లో సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి మెలి తిరిగిన టరిటెల్లా అనే సముద్రపు నత్తల గుల్లలు ఉన్నాయి. దొరికిన చోటు, పొర, తేదీ రాసిన చీటీ లేని నమూనాకు, అది అసలుదే అయినా, శాస్త్రీయ విలువ స్వల్పం.