బండి ఇన్సూరెన్స్: కాగితం ఉండాలా, ఫోన్‌లో ఉంటే చాలా?

మా ఖాలూ సౌదీలో ఉంటారు. కారు ఆయన పేరు మీద ఉంది, ఇక్కడ నడిపేది ఆయన కొడుకు. ఈమధ్య ఒక వలీమాకు వెళ్తుంటే తెల్లవారుజామున హైవే మీద చెకింగ్‌లో ఆపారు. తమ్ముడి ఫోన్‌లో ఉన్నది ఎప్పుడో వాట్సాప్‌లో వచ్చిన పాత పాలసీ ఫొటో. గడువు అయిపోయింది. రెన్యువల్ చేశారు కానీ ఆ కాపీ ఖాలూ మెయిల్‌లో ఉంది. అక్కడ టైమ్ మనకంటే రెండున్నర గంటలు వెనక, మనిషి నిద్రలో ఉన్నారు. ఆయన లేచి పీడీఎఫ్ పంపేదాకా అందరం రోడ్డు పక్కనే నిలబడ్డాం.

ఇన్సూరెన్స్ ఉంది, డబ్బు కట్టారు. చూపించే దారే లేకపోయింది. మన ఇళ్లలో చాలా బండ్ల పరిస్థితి ఇదే. అందుకే రూల్స్ ఏమిటో ఒకసారి చూద్దాం.

రూల్ ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 146 ప్రకారం రోడ్డెక్కే ప్రతి బండికీ కనీసం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. దాన్ని ఏ రూపంలో చూపించాలన్నది కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని రూల్ 139 చెబుతుంది. 2018 నవంబర్‌లో ఈ రూల్‌ను మార్చారు. లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, అన్నీ కాగితం రూపంలో అయినా, ఎలక్ట్రానిక్ రూపంలో అయినా చూపించవచ్చు. అంతకుముందే 2018 ఆగస్టు 8న కేంద్ర రవాణా శాఖ డిజీలాకర్, ఎం పరివాహన్‌లోని పత్రాలను ఒరిజినల్‌తో సమానంగా చూడాలని రాష్ట్రాలకు రాసింది.

అంటే ‘ఒరిజినల్ కాగితమే కావాలి’ అని ఎవరైనా పట్టుబడితే ఈ రూల్ పేరు మర్యాదగా గుర్తు చేయవచ్చు.

ఫోన్‌లో ఏది చెల్లుతుంది?

కంపెనీ మెయిల్‌లో పంపే, డిజిటల్ సంతకం ఉన్న పీడీఎఫ్ మంచిది. డిజీలాకర్‌లో ‘ఇష్యూడ్’ విభాగంలో వచ్చిన పాలసీ కూడా. మనమే ఫొటో తీసి డిజీలాకర్‌లో అప్‌లోడ్ చేసుకున్నదానికి ఆ విలువ ఉండదు. వాట్సాప్ ఫొటో, స్క్రీన్‌షాట్ కూడా అంతే.

పాలసీ డిజీలాకర్‌లోకి దానంతట అదే వస్తుందనుకోకండి. కంపెనీ పేరు ఎంచుకుని, పాలసీ నంబర్ ఇచ్చి తెచ్చుకోవాలి.

కంపెనీలు ఇచ్చే వివరాలు కేంద్ర వాహన్ డేటాబేస్‌కు కూడా చేరతాయి. పోలీసులు తమ పరికరంలో నంబర్ కొట్టి చూడగలరు. కానీ తెలంగాణ చాలా ఏళ్లు వాహన్‌లో చేరకుండా సొంత వ్యవస్థ నడిపింది. 2016లోనే ఆర్‌టీఏ ఎం వాలెట్ యాప్ తెచ్చింది కూడా. అందుకని తెలంగాణ నంబర్ బండితో వేరే రాష్ట్రానికి వెళ్తుంటే ‘ఆన్‌లైన్‌లో కనిపిస్తుందిలే’ అని వదిలేయకండి.

మరి కాగితం ఎందుకు?

డిజీలాకర్ ఆధార్‌తో ముడిపడి ఉంటుంది, అంటే ఓనర్ ఫోన్‌లో ఉంటుంది. ఓనర్ జెద్దాలోనో దుబాయ్‌లోనో ఉంటే, ఇక్కడ బండి నడిపే కొడుకుకు, అల్లుడికి, డ్రైవర్‌కు అది ఉపయోగపడదు. బ్యాటరీ అయిపోవచ్చు, సిగ్నల్ లేకపోవచ్చు. యాక్సిడెంట్‌లో ఫోన్ పగిలిపోవచ్చు. అలాంటప్పుడు డ్యాష్‌బోర్డులోని ఒక్క ప్రింటవుట్ ఎవరికైనా దొరుకుతుంది. యాక్సిడెంట్ అయితే డ్రైవర్ పాలసీ నంబరు, గడువుతో సహా వివరాలు ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి ఇవ్వాలని సెక్షన్ 134 చెబుతోంది.

కాపీ లేకపోతే? పాలసీయే లేకపోతే?

ఈ రెండూ ఒకటి కావు. ఆ క్షణంలో సర్టిఫికెట్ చూపించలేకపోయినా, ఏడు రోజుల్లోగా మీరు చెప్పిన పోలీస్ స్టేషన్‌లో చూపిస్తే, చూపలేదన్న ఒక్క కారణంతో శిక్ష వేయకూడదని సెక్షన్ 158 చెబుతోంది.

పాలసీయే లేకపోతే సెక్షన్ 196 వర్తిస్తుంది. మొదటిసారి 2,000 రూపాయల జరిమానా లేదా 3 నెలల వరకు జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే జరిమానా 4,000. నడిపినవారే కాదు, నడపనిచ్చిన ఓనర్ కూడా బాధ్యుడే. అసలు దెబ్బ జరిమానా కాదు. ఎవరికైనా ప్రాణం పోతే ట్రిబ్యునల్ వేసే లక్షల పరిహారం సొంత జేబులోంచి కట్టాలి. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి కూడబెట్టింది ఒక్క కేసులో పోవచ్చు.

బయల్దేరే ముందు

• పాలసీ గడువు తేదీ చూడండి. కొత్త కార్లకు థర్డ్ పార్టీ 3 ఏళ్లు, బైకులకు 5 ఏళ్లు ఉన్నా, సొంత డ్యామేజీ కవర్ ఏడాదికే అయిపోయి ఉండొచ్చు.
• రెన్యువల్ అయిన రోజే పీడీఎఫ్‌ను ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ పంపండి. ఫోన్‌లో సేవ్ చేయించండి, పాతది తీసేయించండి.
• ఒక ప్రింట్ బండిలో పెట్టండి.
• ఏజెంట్ దగ్గర చౌకగా తీసుకుంటే, పాలసీ నంబర్ కంపెనీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.
• సెకండ్ హ్యాండ్ బండి కొంటే 14 రోజుల్లోగా పాలసీ మీ పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టండి.

ఫోన్ కాపీ చట్టానికి సరిపోతుంది. బండిలోని ప్రింట్ మనకు అక్కరకొస్తుంది. ఐదు రూపాయల ప్రింట్ కోసం తెల్లవారుజామున సౌదీకి ఫోన్ కొట్టే పని పెట్టుకోకండి.