16, 18: ఒక బీమారీ తవారీఖ్

మా విజయనగరం, శ్రీకాకుళం ఇళ్లలో గర్భసంచి బీమారీ గురించి గట్టిగా మాట్లాడరు. తెల్లబట్ట అవుతోందనో, ముట్లు ఆగాక మళ్లీ రక్తం కనబడుతోందనో ఖాలాజాన్ చెప్పినా, పక్కింటి అప్ప చెప్పినా గుసగుసగానే. శరమ్ మరి! దవాఖానాకు చేరేసరికి చాలాసార్లు దేర్ అయిపోతుంది. అందుకే ఈ బీమారీ తవారీఖ్ రాస్తున్నాను. దాని నడిమధ్య రెండు నెంబర్లున్నాయి.

గర్భసంచి ముఖద్వారానికి కాన్సర్ తెచ్చేది హ్యూమన్ పాపిలోమా వైరస్. దాని ఖాందాన్ పెద్దది, 200కు పైగా రకాలు. నెంబర్లే వాటి పేర్లు. కొన్ని పులిపిర్లు తెస్తాయి, డజనుకు పైగా మాత్రం ఖతర్‌నాక్. జర్మనీ సైంటిస్టు హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం 1983లో 16ను, 1984లో 18ను కాన్సర్ గడ్డల్లో పట్టుకుంది. 2008లో ఆయనకు నోబెల్ ఇనామ్ దక్కింది.

18కి గవాహీ అంతకు చాలా ముందే ప్రయోగశాలల్లో ఉంది. 1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి తల్లి గడ్డ నుంచి కణాలు తీశారు. ఆమె ఇజాజత్ ఎవరూ అడగలేదు. ఆ ఏడే ఆమె ఇంతెఖాల్ అయింది, కణాలు ఇప్పటికీ పెరుగుతున్నాయి. వాటిలో ఉన్నది 18వ రకమని తర్వాత తేలింది.

మరి మన తెలుగు ఔరతుల్లో? 2005లో హైదరాబాద్ పరిశోధకులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లెక్క అచ్చేశారు. 41 కాన్సర్ నమూనాల్లో 36లో వైరస్ దొరికింది. ఆ 36లో 24 చోట్ల 16, 7 చోట్ల 18. మిగతా రకాలు తక్కువే. మేడ్చల్ వైపు కాన్సర్ లేని ఔరతుల్లోనూ నూటికి పదిమంది దగ్గర ఖతర్‌నాక్ రకాలు కనిపించాయి. గాబరా పడొద్దు. చాలామందిలో ఒంటి తాఖతే ఏడాది రెండేళ్లలో వైరస్‌ను తరిమేస్తుంది. పోకుండా ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తేనే ఖతరా. మొగుడి నుంచి కూడా సోకుతుంది కాబట్టి, ఇది ఏ ఔరత్ చాల్‌చలన్ మీదా ఫైసలా కాదు.

ఈ రెండు నెంబర్లను ఆపే టీకా 2009లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ నడిపిన ప్రాజెక్టు అది. కొందరు పిల్లలు చనిపోయారన్న ఖబర్‌తో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. విచారణ కమిటీ ఆ మౌత్‌లకు టీకా కారణమనలేదు. ఇజాజత్ తీసుకున్న తీరునే తప్పుపట్టింది. 2,763 ఫారాల మీద అమ్మానాన్నలవి కాదు, హాస్టల్ వార్డెన్ల దస్తఖత్‌లున్నాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం కూడా గట్టిగా మందలించింది.

నా బాధ ఇక్కడే. టీకా లక్ష్యం సరైనదే, 16, 18 మన ఔరతుల జాన్ తీస్తున్నవే. కానీ అడగకుండా వేసిన సూది భరోసాను చంపేసింది. అలాంటి ఆశ్రమ పాఠశాలలే మా సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీలోనూ ఉన్నాయి. అక్కడి తల్లికి ఆమె జబాన్‌లో సమ్‌జాయించి, ఆమె ఔనన్నాకే సూది బయటికి తీయాలి. 30 దాటిన అక్కలు, ఖాలాలు శరమ్ పక్కనపెట్టి పరీక్షకు వెళ్లాలి. ముందే దొరికితే దీనికి ఇలాజ్ ఉంది.