పొగకు దారి



కొండపల్లి బొమ్మ లేని బొమ్మల కొలువు మన బెజవాడ ఇళ్ళల్లో అరుదు. ఆ బొమ్మలు చేసేవారు తెల్లపొణికి కర్రను ముందు సన్నని సెగ మీద పెట్టి, అందులో తేమంతా ఆరిపోయాకనే ఉలి పట్టుకుంటారు. అదే కొండపల్లిలో ఈనాడు ఇండియన్ ఆయిల్ వారు వంటగ్యాసు సిలిండర్లు నింపే కేంద్రం కూడా ఉంది. ఒకే ఊళ్ళో కట్టె సెగా ఉంది, సిలిండరు గ్యాసూ ఉంది. ఈ రెంటి మధ్యా మన వంటింటి చరిత్ర అంతా ఇమిడి ఉంది. అందులో ఒక్క సంగతే ఇవాళ చెప్పుకుందాం. ఇంట్లో నిప్పు రాజేస్తే, దాన్నించి వచ్చేది ఎటు పోవాలి?

మన పాత పెంకుటిళ్ళు గుర్తు చేసుకోండి. వంటిల్లు చాలావరకు పెరటి వైపుండేది. పొయ్యికి పైన కప్పులో గవాక్షమో, పొగగూడో ఉండేది. అవి లేని ఇళ్ళల్లో గోడకీ పెంకులకీ మధ్య సందులైనా ఉండేవి. పొగ కళ్ళు మండిస్తుంది గనక దానికో దారి చూపించారు మన పెద్దలు. అయితే అంతటితో ఆడవాళ్ళ కష్టం తీరిందనుకోకండి. ఊదుగొట్టంతో ఊది ఊది, ఎర్రబడ్డ కళ్ళతో, తెరలు తెరలుగా వచ్చే దగ్గుతో గడిపిన అమ్మమ్మలు ప్రతి ఇంటా ఉన్నారు.

పొగ కనిపించని నిప్పు ఒకటుండేది. అదే బొగ్గుల కుంపటి. పురిటి గదిలో తల్లికీ బిడ్డకీ చలిగాలి తగలకూడదని తలుపులు బిగించి, మంచం కింద కుంపటి పెట్టేవారు. మా అమ్మమ్మ మాత్రం, "కుంపటున్న గదికి గడియ పెట్టకండర్రా, బాలింతకి తల తిరుగుతుంది" అనేది. కారణం అడిగితే ఆవిడకి తెలీదు. ఎవరికో జరిగింది చూసి నేర్చుకున్న మాట అయ్యుంటుంది.

ఆ కారణం శాస్త్రం చెప్పింది. ఏ నిప్పైనా గదిలో ప్రాణవాయువును వాడుకుంటుంది. గాలి చాలినంత ఉంటే బొగ్గుపులుసు వాయువు వస్తుంది. చాలకపోతే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు. మన నెత్తురు ప్రాణవాయువును పట్టుకునేదానికన్నా రెండు వందల రెట్లకు పైగా బలంగా దాన్ని పట్టుకుంటుంది. కడుపులో ఉన్న బిడ్డకి మరీ ప్రమాదం. గనుల్లో పేలుళ్ళ తర్వాత పనివాళ్ళ ప్రాణాలు తీస్తున్నది ఎక్కువగా ఈ వాయువేనని హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు 1896లో చూపించాడు. చిన్న ప్రాణులకి విషం ముందుగా తగులుతుంది గనక, బ్రిటనులో బొగ్గుగనుల్లోకి పిట్టను పంజరంలో తీసుకుపోయేవారు. 1986 దాకా ఆ ఆనవాయితీ సాగింది. మన ఇళ్ళల్లో ఆ పిట్ట లేదు గదా!

పొగ బాధ తీర్చాలని ప్రయత్నించిన తెలుగునాటి పెద్దలూ ఉన్నారు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకి సంచాలకులుగా ఉన్న డాక్టర్ ఎస్.పి. రాజు గారు మట్టితోనే, వరసగా గిన్నెలు పెట్టుకునే పొయ్యి తయారుచేశారు. దాని పొగ గొట్టంలోంచి ఇంటి బయటికి పోయేది. లక్షలాది వంటిళ్ళకు పొగ లేకుండా చేయడం గురించి ఆయన రాసిన ఇంగ్లీషు పుస్తకం 1953లో వచ్చింది. 1983లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా మెరుగైన పొయ్యిల పథకం పెట్టింది. కానీ గొట్టం పెట్టగానే పని అయిపోదు. మసి దులపాలి, పగిలితే మెత్తాలి. ఆ శ్రద్ధ లేనిచోట పొగ మళ్ళీ ఇంట్లోకే వచ్చింది.

ఈలోగా గ్యాసు వచ్చింది. 1955లో బొంబాయిలో బర్మా షెల్ వారు మొదలుపెట్టారు. 1965లో ఇండియన్ ఆయిల్ వారి ఇండేన్ మొదటి కనెక్షను కలకత్తాలో ఇచ్చారు. మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్వల పథకం పేదిళ్ళకి సిలిండరు తెచ్చాయి. రంపపుపొట్టు పొయ్యి, కిరసనాయిలు స్టవ్వు అటకెక్కాయి. ఆడవాళ్ళకి ఇది నిజంగా పెద్ద వరమే. అయితే ఇక్కడే మనం ఒక పొరపాటు చేశాం. పొగ కనిపించడం లేదు గదా అని గవాక్షం మూసేశాం. అపార్టుమెంట్లు వచ్చాక కిటికీలకి అద్దాలు బిగించాం, ఏసీ కోసం సందులన్నీ పూడ్చాం. గ్యాసు స్టవ్వుకి గొట్టం లేదన్న సంగతి మరిచాం. అది కాల్చిందంతా గదిలోకే వస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదం స్నానాల గదిలో గ్యాసు గీజరు. ఇరుకు గది, తలుపు గడియ, కిటికీ మూత. పాత పురిటి గది కుంపటి కథే మళ్ళీ! ఇలా ప్రాణాలు పోయిన ఘటనలు మన దేశంలో ఎన్నో నగరాల్లో జరిగాయి. గ్యాసుకి కలిపిన ఘాటు వాసన లీకైతేనే హెచ్చరిస్తుంది, కాలినప్పుడు పుట్టే విషానికి ఆ వాసన ఉండదు. కనక గీజరు గది బయట, గాలి ఆడేచోట పెట్టించండి. కాల్చిన గాలిని గొట్టంతో ఆరుబయటికి పంపే రకమైతే మరీ మంచిది. పొగగొట్టం లేని గ్యాసు హీటరు పడగ్గదిలో పెట్టుకుని నిద్రపోకండి.

వంటింట్లో రెండు దారులుండాలి. వేడిగాలి పైకి పోతుంది గనక పైన ఒకటి. సిలిండరు గ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేలమీద పరుచుకుంటుంది గనక కింద ఒకటి. పైపుల్లో వచ్చే గ్యాసు తేలిక, అది పైకి చేరుతుంది. ఎగ్జాస్టు ఫ్యాను ఉందిలే అని తలుపులన్నీ బిగిస్తే లాభం లేదు. గాలి లోపలికి రాకుండా ఫ్యాను ఏం లాగుతుంది? మంట నీలంగా ఉండాలి. పచ్చగా మారి గిన్నెలకి మసి పడుతుంటే గాలి చాలడం లేదనో, బర్నరు పూడిందనో అర్థం, బాగు చేయించండి. పొయ్యి వెలుగుతుండగా ఇంట్లో ఒకరికి మించి తలనొప్పి, వికారం, తల తిరగడం ఉంటే అజీర్తి అనుకోకండి. పొయ్యి ఆర్పి, తలుపులు తీసి, అందరూ బయటికి రండి, డాక్టరుకి చూపించండి. గ్యాసు వాసన వస్తే మాత్రం ఏ స్విచ్చీ ముట్టుకోకండి. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి వచ్చాకే 1906కి ఫోను చేయండి.

మా అమ్మమ్మకి రసాయనశాస్త్రం రాదు. అయినా గడియ పెట్టొద్దన్న ఆవిడ మాట తప్పు కాలేదు. ఇవాళ వంట కాగానే ఒకసారి తలెత్తి చూడండి, మీ వంటింటి గాలికి దారి ఎక్కడుందో. లేకపోతే మేస్త్రీని పిలిపించండి. అదేం పెద్ద ఖర్చు కాదు.