లెక్క వ్రాసినవారు చూడని చలనము



ఆదిభట్ల నుండి ఇబ్రహీంపట్నము మీదుగా ముందుకు పోయినయెడల జపాల్, రంగాపురము గ్రామముల చెంత ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి వేధశాల, అనగా ఆకాశమును పరిశీలించు స్థలము, కలదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణమును శాస్త్రజ్ఞులు అచ్చటనుండి చూచిరి. పట్టపగలు చీకటియైన ఆ దినము మన పెద్దలలో కొందరికి ఇంకను జ్ఞాపకముండును. ఆ వేధశాలకు తల్లివంటిది హైదరాబాదులోని నిజామియా వేధశాల. ఆ తల్లి కథయే నేడు మీకు చెప్పబోవుచున్నాను.

నవాబు జాఫర్ జంగ్ దానిని 1901లో ఫిసల్‌బండలో స్థాపించెను. ఆయన మరణానంతరము, 1908లో, నిజాము ప్రభుత్వము దానిని చేపట్టగా, అది బేగంపేటకు మారెను. అంతకు పూర్వమే, 1887లో, పారిసు నగరమున కూడిన ఖగోళ శాస్త్రజ్ఞులు ఆకాశమంతటిని ఫొటో తీసి, ప్రతి తార స్థానమును వ్రాసిపెట్టవలెనని తీర్మానించిరి. పలు దేశముల వేధశాలలు ఆకాశమును పొలమువలె పట్టీలుగా పంచుకొనెను. ఖగోళ మధ్యరేఖకు దక్షిణమున 17 మొదలు 23 డిగ్రీల వరకు గల పట్టీ హైదరాబాదు వంతుకు వచ్చెను. మన రైతులు కార్తెల లెక్కలో చెప్పుకొను అనూరాధ ఆ పట్టీలోనిదే.

ఆ పని ఎట్టిదో వినుడి. గాజుపలకపై పడిన ఒక్కొక్క చుక్కను భూతద్దములో చూచి, అది ఏ గడిలో ఎంత దూరమున నున్నదో కొలిచి, అంకె వ్రాయవలెను. మరల మరియొక చుక్క. 1914లో రాబర్ట్ పోకాక్ అధిపతియాయెను; 1918లో ఆయన మరణించిన పిమ్మట టి.పి. భాస్కరన్ ఆ బాధ్యత వహించెను. 1929 నాటికి ఏడున్నర లక్షలకు పైగా తారల స్థానములు కట్టబడెను. రోమాలోని వాటికన్ వేధశాలలో నలుగురు సన్యాసినులు ఇదే పనిని ఏండ్ల తరబడి చేసి, ఇంచుమించు అయిదు లక్షల తారలను కొలిచిరి.

వీరికి దాని ఫలమేమి కనబడెను? అంకెల వరుసలే. అనేక తారలు నూరేండ్లలో జరుగు దూరము, పది మీటర్ల అవతల పట్టుకొన్న తలవెంట్రుక మందమంతయే. ఒక మనుష్యుని జీవితకాలములో దానిని పట్టుకొనుట మిక్కిలి కష్టము.

1989లో ఐరోపావారు హిప్పార్కస్ అను ఉపగ్రహమును పంపి, తారలను మరల కొలిచిరి. ఆ క్రొత్త కొలతలను పాత సంపుటములతో కంప్యూటరు సహాయమున సరిపోల్చి, 2000లో 25 లక్షల తారల చలనములతో ఒక గ్రంథము వెలువరించిరి. హైదరాబాదు లెక్కలును అందులో చేరినవి. చెదరియున్నట్లు తోచిన తారలలో ఏవి కలిసి నడచుచున్నవో ఇట్టి లెక్కలవలననే తెలియును. అనూరాధయు, దాని చుట్టునున్న అనేక తారలును ఒకే దిక్కునకు సాగుచున్నవి. అవి ఒకే మేఘమునుండి పుట్టిన కుటుంబమని నేటి శాస్త్రజ్ఞుల నిర్ణయము. మధ్యలో కనబడు ఇతర తారలు బాటసారులు మాత్రమే. ముఖము చూచి తెలియని చుట్టరికము నడకవలన తెలిసినది!

చదువరీ, ఒక్క సంగతి యోచింపుము. బేగంపేటలో ఎవడైన విసుగుచెంది ఊహించి ఒక అంకె వేసియుండినయెడల, నిలిచిన తార పరుగెత్తినట్లు, కుటుంబములోనిది పరాయిదైనట్లు తోచియుండును. నూరేండ్ల తరువాత వచ్చు కంప్యూటరు ఎంత గొప్పదైనను, ఆనాటి రాత్రికి తిరిగిపోయి మరల కొలువజాలదు.

మన చేతులలోను పుస్తకములున్నవి. సంఘపు బాప్తిస్మముల రిజిష్టరు, మరణముల పట్టిక, వాన పడిన దినములు, వేసవిలో బావి నీటిమట్టము. ఏ యూరిలో ఏ జబ్బు ఎందుకు పెరిగెనో, నీళ్లు ఎప్పటినుండి దిగిపోవుచున్నవో, రేపు ఒకడు వెదకును. అతడు మనలను అడుగలేడు. మన వ్రాతను మాత్రమే అడుగును. తాటిటెంక పాతిన తాత ముంజెలు తినకపోవచ్చును గాని, టెంక పుచ్చుదైతే మనుమడును తినడు. కావున చూచినది చూచినట్లు, తేదీతో సహా, వ్రాయుదము. తెలియనిచోట ఖాళీగా విడుచుదము.