కత్తి లేని కోత

వైద్యుడు ‘సీటీ స్కాన్’ తీయించుమని చెప్పినప్పుడు ఆ రెండక్షరముల వెనుక నున్న మాటలను మనలో విచారించువారు తక్కువ. మొదటిది ‘కంప్యూటెడ్’, రెండవది ‘టోమోగ్రఫీ’. ఈ రెండవ మాట కథనే నేడు ముచ్చటింతము.

ప్రాచీన గ్రీకు భాషలో ‘టోమోస్’ అనగా కోసిన ముక్క; ‘గ్రాఫైన్’ అనగా వ్రాయుట. కావున టోమోగ్రఫీ అనగా ముక్కను చిత్రించుట. దేహమును కోసి పరిశీలించు శాస్త్రమునకు ‘అనాటమీ’ అను పేరు ఆ ధాతువునుండియే వచ్చినది. ఖండింప వీలులేనిది గనుక ‘ఆటమ్’ అనిరి. అందలి మొదటి అకారము మన ‘అఖండము’లోని అకారమునకు జ్ఞాతియే.

దేహచిత్రమునకు ఈ కోత పేరేల? రాంట్‌జెన్ 1895లో కనుగొనిన ఎక్స్ కిరణములు దేహమును నీడగా చూపును. ఆ నీడలో ముందరి ఎముకయు, వెనుకటి ఎముకయు, నడిమి కంతియు ఒకదానిపై నొకటి పడి కలిసిపోవును. ఈ చిక్కు విప్పుటకు ఐరోపా వైద్యులొక ఉపాయము పన్నిరి. కిరణముల గొట్టమును ఒక వైపునకు, ఫిల్మును ఎదురు వైపునకు ఏకకాలమున కదల్చిరి. కోరిన పొర యొక్కటే స్పష్టముగా నిలిచి, తక్కినవి అలుక్కుపోయెను.

ఉపాయ మొక్కటి, పేర్లు పలు. 1930 ప్రాంతమున ఇటలీలో వాలెబోనా ‘స్ట్రాటిగ్రఫీ’ అనెను. అనగా పొరల చిత్రణము. హాలండులో జీడ్సెస్ డెస్ ప్లాంటెస్ ‘ప్లానిగ్రఫీ’ అనెను. అనగా తలముల చిత్రణము. బెర్లినులో గ్రాస్‌మన్ తన యంత్రమునకు ‘టోమోగ్రాఫ్’ అని పేరిడెను. ఒకరి వ్రాత మరొకరికి తికమక కలిగించెడి ఈ స్థితిలో, 1962లో అంతర్జాతీయ సంఘము టోమోగ్రఫీ అను పేరునే సిఫారసు చేసెను.

పిమ్మట ఆ మాటకు ‘కంప్యూటెడ్’ తోడైనది. గ్రామఫోను రికార్డులకు ప్రసిద్ధిగన్న ఈ.ఎం.ఐ. సంస్థలోని ఇంజనీరు హౌన్స్‌ఫీల్డ్ ఎక్స్ కిరణములకు కంప్యూటరును జోడించెను. 1971 అక్టోబరు 1న లండనులోని ఆట్కిన్‌సన్ మోర్లీ ఆసుపత్రిలో ఒక రోగి మెదడు తొలిసారి పొరగా కనబడెను. అంతకుముందు మెదడు లోపలి స్థితి తెలియవలెనన్న, వెన్నులోనుండి గాలి నెక్కించి చిత్రము తీయు బాధాకరమైన పద్ధతి యుండెడిది. 1979లో హౌన్స్‌ఫీల్డునకు, అందలి గణితమును ముందే సాధించిన కార్మాక్‌నకు నోబెల్ బహుమానము లభించెను.

స్కాన్ అనగానే జంకు పెద్దలు మన యిండ్లలో నున్నారు. కోత యున్నది మాటలోనే గాని, బల్లపై పరుండిన మనిషికి లేదని వారికి చెప్పుదము.