దాగిన అంచుకు ఒక గీత

యంత్ర భాగం డ్రాయింగులో కళ్లకు కనబడే అంచు నిండు గీత. లోహం వెనక దాగిన రంధ్రం తెగిన గీత. దాని నడిమి రేఖ పొడుగు ముక్క, పొట్టి ముక్కగా సాగే సన్న గీత. పాలిటెక్నిక్ తొలి పాఠాల్లో నేర్పే ఈ పద్ధతంతా ఇప్పుడు క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో వ్యూ మీద క్లిక్ చేస్తే తెరుచుకునే పట్టీలోకి చేరింది. దాగిన అంచులు చూపాలా, గీత మందం ఎంత, కోసి చూపే సెక్షన్‌లో హ్యాచింగ్ అనే ఏటవాలు గీతలు ఏ కోణంలో ఉండాలి? పట్టీలోని ఈ ఎంపికల వెనక రెండు శతాబ్దాల పనిమంతుల ఆలోచన ఉంది.

ఫ్రాన్స్‌లోని మెజియేర్ సైనిక ఇంజనీరింగ్ పాఠశాలలో 1760లలో గాస్పార్ మోంజ్ అనే యువకుడికి ఒక కోట లెక్క అప్పగించారు. శత్రువు ఎటునుంచి కాల్చినా లోపలివాళ్లకు గుండు తగలకుండా గోడలు ఎంత ఎత్తుండాలో తేల్చాలి. అంతవరకూ అది రోజుల తరబడి కూడికలు, గుణింపుల పని. మోంజ్ గీతలతోనే తేల్చేశాడు. అంత త్వరగా జవాబు రావడం అసాధ్యమని పై అధికారి మొదట ఆ కాగితం చూడనే లేదంటారు. చూశాక ఆ పద్ధతిని ఏళ్ల తరబడి సైనిక రహస్యంగా దాచారు. 1795లో పారిస్‌లోని ఎకోల్ నార్మాల్‌లో మోంజ్ పాఠాలు చెప్పాకే అది బయటి ప్రపంచానికి అందింది. పైనుంచి చూసే ప్లాన్, ఎదుటినుంచి చూసే ఎలివేషన్ గీయడం రాతిపనివాళ్లకూ వడ్రంగులకూ ముందే తెలుసు. ఆ రెంటినీ ఒకే నియమంతో ముడివేసి, ఒకదాన్నుంచి ఇంకొకటి తప్పు లేకుండా రాబట్టడం మోంజ్ చేసిన పని.

ఆ తర్వాతి కాలపు డ్రాయింగులు ఇప్పుడు మ్యూజియంలలో చూస్తే చిత్రకారుల పని అనిపిస్తుంది. పోత ఇనుముకు బూడిద రంగు, సాగగొట్టిన ఇనుముకు నీలం, ఇత్తడికి పసుపు, అన్నీ నీటిరంగులే. వెలుగు ఎడమ పైమూల నుంచి పడుతున్నట్టు ఊహించి కుడి అంచునూ కింది అంచునూ మందంగా గీసేవారు. దాంతో వస్తువు కాగితం మీంచి లేచినట్టుండేది. అందం కోసమే చేశారనుకుంటే పొరపాటు. ఏ భాగం ఏ లోహమో, ఏది ఉబ్బో ఏది పల్లమో పనివాడు చదవకుండానే తెలుసుకునేవాడు.

ఈ రంగులను చంపింది నకలు తీసే పద్ధతి. జాన్ హెర్షెల్ 1842లో కనిపెట్టిన నీలి ముద్రణ, కొన్ని దశాబ్దాలకు కార్ఖానాలన్నిటా బ్లూప్రింట్‌గా పాతుకుపోయింది. ట్రేసింగ్ కాగితాన్ని రసాయనం పూసిన కాగితంపై పరిచి ఎండలో పెడితే నీలం మీద తెల్ల గీతలు పడతాయి. అందులో రంగుకు చోటు లేదు, పలుచని ఛాయకు చోటు లేదు. గీత ఉందా లేదా, అంతే. కాబట్టి లోహం రంగు చెప్పాల్సిన మాటను హ్యాచింగ్ గీతలు చెప్పాల్సి వచ్చింది. అంచు ప్రాధాన్యం గీత మందంలోకి వెళ్లింది. నేటి డ్రాయింగు నలుపు తెలుపుల్లో ఉండటానికి సిద్ధాంతం కంటే ఆ నీలి కాగితమే ఎక్కువ కారణమని నా నమ్మకం.

మందం మీద భారం పడ్డాక అందరికీ ఒకే నియమం కావాల్సి వచ్చింది. బ్రిటన్ 1927లో బీఎస్ 308 ప్రమాణం తెచ్చింది. మన దేశంలో విద్యార్థుల కోసం 1988లో వచ్చిన ఎస్‌పీ 46, గీతల రకాలకు ఏ, బీ అంటూ అక్షరాలు పెట్టింది. పెన్నుల మందాల్లో మరో తెలివి ఉంది. 0.25, 0.35, 0.5, 0.7 మిల్లీమీటర్లు: ప్రతిదీ ముందుదానికి సుమారు 1.4 రెట్లు. ఏ2 నుంచి ఏ1కు వెళ్లినా కాగితం కొలతలు అదే నిష్పత్తిలో పెరుగుతాయి. ఏ1 డ్రాయింగును ఏ2కు కుదిస్తే 0.7 గీత 0.5 అవుతుంది, దాన్ని 0.5 పెన్నుతోనే దిద్దవచ్చు.

కంప్యూటరుకు గీత గీయడం త్వరగానే వచ్చింది, దాచడమే కష్టమైంది. 1963లో ఎంఐటీలో ఐవన్ సదర్లాండ్ తెరమీద గీతలు గీసే స్కెచ్‌ప్యాడ్ ప్రోగ్రామ్ చూపించాడు. అదే ఏడు అక్కడే లారెన్స్ రాబర్ట్స్ వెనక గీతలను తొలగించే పద్ధతిని తన పరిశోధనలో రాశాడు. 1967లో ఐబీఎంలో పనిచేసే ఆర్థర్ అపెల్ ఇంకో దారి పట్టాడు. గీత మీది బిందువును ఎన్ని తలాలు కప్పుతున్నాయో లెక్కపెట్టు. సున్నా అయితే కనబడుతుంది, లేకపోతే దాగింది. గీత ఒక తలం అంచును దాటినచోటే ఆ సంఖ్య మారుతుంది కాబట్టి ప్రతి బిందువునూ తడమనక్కర్లేదు. డ్రాఫ్ట్స్‌మన్ కన్ను చేసే పనిని అంకెగా మార్చిన ఈ ఆలోచన నాకు ఎంతో ఇష్టం.

1982లో మొదలైన ఆటోక్యాడ్ పాత పెన్ను అలవాటునే మోసుకొచ్చింది. ప్లాటర్ యంత్రంలో పెన్నులు వరుసగా ఉండేవి. తెరమీద ఎరుపు గీత అంటే ఫలానా నంబరు పెన్ను. గీతకే మందం ఒక గుణంగా అమరింది 1999లో వచ్చిన ఆటోక్యాడ్ 2000తో. ఇప్పటికీ ఎన్నో ఆఫీసుల్లో తెరపై రంగు చూసే మందం ఊహిస్తారు. తెగిన గీతకూ తిప్పలుండేవి. స్కేల్ సరిగా పెట్టకపోతే ముక్కలు కలిసిపోయి నిండు గీతలా కనబడుతుంది. అప్పుడు లోపలి రంధ్రాన్ని బయటి అంచుగా చదివే ప్రమాదం ఉంది.

1988 నాటి ప్రో/ఇంజనీర్, 1995 నాటి సాలిడ్‌వర్క్స్ వరసలో వచ్చిన సాఫ్ట్‌వేర్లలో డ్రాఫ్ట్స్‌మన్ గీత గీయడు. మోడల్ నుంచి వ్యూ దానంతటదే వస్తుంది. మనిషికి మిగిలింది ఎంపిక. అందులో అన్నిటికంటే సున్నితమైనది టాంజెంట్ అంచు. గుండ్రం చేసిన మూల చదును తలంలో కలిసేచోట నిజంగా అంచు ఉండదు, చేత్తో తడిమితే తగలదు. కంప్యూటరు మాత్రం అక్కడ గీత గీస్తుంది. చేతి డ్రాయింగులో అలాంటిచోట సన్న గీత గీసి, అది చుట్టుగీతను తాకకుండా కొంచెం ముందే ఆపేవారు. ఇప్పుడు పూర్తిగా చూపడం, వేరే రకం గీతతో చూపడం, తీసేయడం అని మూడు దారులు. పోత భాగాల్లో అన్నీ చూపితే గీతల అడవి అవుతుంది, అన్నీ తీసేస్తే ఆకారం మొద్దుబారుతుంది. వ్యూ వ్యూకూ విడిగా తేల్చుకోవాల్సిందే. దాగిన గీతలదీ అంతే. గేర్‌బాక్స్ కేసింగ్‌కు వాటిని తీసేసి ఒక సెక్షన్ ఇవ్వడం మేలు. ఒకే రంధ్రమున్న పలకకు వాటిని ఉంచితే రెండో వ్యూ అక్కర్లేకపోవచ్చు.

2003లో అమెరికాలో వచ్చిన ఏఎస్ఎంఈ వై14.41 ప్రమాణం కొలతలను నేరుగా త్రిమితీయ మోడల్ మీదే రాయడానికి దారి వేసింది. అక్కడ కాగితం లేదు, వ్యూలు మాత్రం పోలేదు. ఏ దిక్కు నుంచి చూస్తే ఏ కొలతలు కనబడాలో పేరుపెట్టి భద్రపరుస్తున్నారు, మిగతావాటిని దాస్తున్నారు.