పేకాటలో సీటు: రమ్మీ సుప్రీంకోర్టు మెట్లెక్కిన కథ

మా శాంతిపురం వైపు పేకాట అంటే ముందు గుర్తొచ్చేవి మూడు ముక్కలాట, రమ్మీ. ఈ రెంటినీ చట్టం ఎందుకు వేరుగా చూసింది? అందులో మనం కూర్చునే చోటుకి ఏమైనా పాత్ర ఉందా? ఈ ఎపిసోడ్‌లో చూద్దాం.

1963 మే నెల. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. అక్కడ డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. మేజిస్ట్రేటు శిక్ష వేశారు, హైకోర్టు కొట్టేసింది, ప్రభుత్వం సుప్రీంకోర్టుకి పోయింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు చెప్పారు. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం. రమ్మీ అలా కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పడేయాలో తెలియాలి. ముక్కలు పంచడంలో అదృష్టం బ్రిడ్జిలోనూ ఉందిగదా అన్నారు. అయితే క్లబ్బు ఆట మీద లాభం తీస్తే మాత్రం నేరమే అని కూడా చెప్పారు.

ఇప్పుడు సీటు సంగతికి వద్దాం. పోకర్‌లో చివరగా పందెం కాసేవాడికి లాభం, అందరి చేతా ముందే చూస్తాడు. అందుకే ఆ చోటు ఆట ఆటకీ మారుతుంది. పదమూడు ముక్కల రమ్మీలో లెక్క వేరే. మనం పడేసిన ముక్కని ఎత్తుకునే హక్కు ఒక్కడికే, మన తర్వాత ఆడేవాడికి. వాడు హార్ట్ ఏడు ఎత్తుకున్నాడనుకోండి, ఆరూ ఎనిమిదీ మన చేతిలో భద్రంగా ఉండాలి. మన ముందువాడు ఏం వదులుతాడో అదే మనకి మేత. అంటే బల్ల చుట్టూ ఆరుగురున్నా, మన ఆట నడిచేది ఇద్దరి మధ్యనే.

ఎవరి పక్కన చోటు దొరుకుతుందో అదృష్టం. పక్కవాడిని చదవడం నేర్పు. కోర్టు చెప్పిన తేడా నాకు ఇక్కడే స్పష్టంగా కనిపిస్తుంది. ఇద్దరు కుమ్మక్కై పక్కపక్కన కూర్చుంటే ఒకడు కావాలనే ముక్కలు వదులుతాడు, మిగతావాళ్ళ నేర్పంతా బూడిదలో పోసిన పన్నీరే. సీట్లకి ముక్క తీసుకునే ఆనవాయితీ ఈ మోసానికి అడ్డుకట్ట.

ఫోన్‌లో ఆడేటప్పుడు పక్కవాడి మొహమే కనబడదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. నేర్పున్న ఆటే అయినా ఇల్లు గుల్ల చేసేదానికి అడ్డేం లేదు. కోర్టు తేల్చింది ఆట స్వభావాన్నే, జేబుకి భరోసా ఇవ్వలేదు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.